అమ్మేది లావణి భూమి, కొనేది మనోళ్లే

హైదరాబాద్ నుంచి ఏ రోడ్డు పట్టుకుని పోయినా ఔటర్ రింగ్ రోడ్డు దాటగానే కనిపించేవి పొలాలు కావు, బోర్డులు. షాద్‌నగర్ వైపు, సదాశివపేట వైపు, యాదగిరిగుట్ట వైపు ఒకే మాటలు, ఒకే రంగులు. 'స్పాట్ రిజిస్ట్రేషన్', 'క్లియర్ టైటిల్', 'లోన్ సౌకర్యం కలదు'. ఆదివారం పూట కంపెనీ బస్సుల్లో అక్కడ దిగేవాళ్లలో గురుకుల టీచర్లుంటారు, ఆర్టీసీ కండక్టర్లుంటారు, స్టాఫ్ నర్సులుంటారు, సింగరేణిలో రిటైరైన కార్మికులుంటారు. అంటే రిజర్వేషన్ వల్ల మొదటిసారి నెల జీతం చూసిన తరం. తాతకు గుడిసె, తండ్రికి ఇందిరమ్మ ఇల్లు, ఇప్పుడు వీళ్లకు 150 గజాల కల.

రియల్ ఎస్టేట్ మోసాల మీద వార్తలు రోజూ వస్తాయి. వాటిలో మోసపోయినవాడు ఎప్పుడూ 'మధ్యతరగతి వ్యక్తి'. అతనికి కులం ఉండదు. మోసానికి వాడిన భూమికీ కులం ఉండదు. మాకు ఎదురైన వ్యవహారంలో రెండింటికీ కులం ఉంది, అదీ ఒకటే కులం. అందుకే ఇది రాస్తున్నాం.

ముందు ఒక ప్రశ్న. కట్టిన ఇల్లు, పాత ఫ్లాటు వదిలి మనవాళ్లు ఊరి బయటి ఖాళీ ప్లాట్ల మీదే ఎందుకు పడతారు? ధర ఒక కారణం. రెండోది చెప్పుకోని కారణం. సెకండ్ హ్యాండ్ ఫ్లాటు చూడటానికి వెళ్తే యజమాని మొదట ఇంటిపేరు అడుగుతాడు, తర్వాత ఊరు, తర్వాత 'మీరు నాన్‌వెజ్ తింటారా'. నాలుగో ప్రశ్న ఉండదు, రెండు రోజుల తర్వాత 'మా బావమరిది తీసుకుంటానంటున్నాడండీ' అని ఫోన్ వస్తుంది. ఒక మతం వాళ్లకే సభ్యత్వం అనే హౌసింగ్ సొసైటీ నిబంధన చెల్లుతుందని 2005లో జొరాస్ట్రియన్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. నిబంధన రాసుకునేవాళ్లు రాసుకుంటారు, రాయకుండా పాటించేవాళ్లు పాటిస్తారు. కొత్త వెంచర్‌లో కంపెనీ మాత్రం కులం అడగదు. డబ్బులిచ్చిన ప్రతివాడూ 'సార్'. ఆ ఒక్క 'సార్' కోసం మనవాళ్లు అక్కడికి వెళ్తారంటే అతిశయోక్తి కాదు.

కంపెనీలకు ఇది బాగా తెలుసు. అందుకే వాళ్ల ఏజెంట్లు బయటివాళ్లు కారు. ఉద్యోగ సంఘంలో తిరిగే అన్న, ఎల్‌ఐసీ పాలసీలు చేసే వదిన, ఏప్రిల్ 14న దండ వేసి ఫొటో దిగే తమ్ముడు. మా దగ్గరికి వచ్చినాయన ఫోన్ ఎత్తితే 'జై భీమ్' అనే మొదలుపెట్టేవాడు. ఆయన్ని తిట్టడం మా ఉద్దేశం కాదు. నెల తిరిగేసరికి ఇన్ని ప్లాట్లు అమ్మితేనే కమీషన్ అనే లెక్కలో ఆయనా ఇరుక్కున్నవాడే. కాకపోతే రెరా చట్టం సెక్షన్ 9 ప్రకారం ఏజెంట్‌కూ రిజిస్ట్రేషన్ ఉండాలి, సెక్షన్ 10 ప్రకారం రిజిస్టర్ కాని ప్రాజెక్టును అతను అమ్మిపెట్టకూడదు. ఈ మాట ఆయనకు కంపెనీ ఎన్నడూ చెప్పలేదు.

2024 సెప్టెంబర్‌లో మేమిద్దరం, అంటే పీహెచ్‌డీ ఫెలోషిప్ మీద బతికే ఒకరం, సర్కారు బళ్లో పాఠాలు చెప్పే ఒకరం, 150 గజాల ప్లాటుకు మాట్లాడుకున్నాం. గజం 14,000. మొత్తం 21 లక్షలు. టోకెన్ 25,000, పది రోజులకు అడ్వాన్సు 4 లక్షలు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంట్, రిజిస్టర్ చేయలేదు. బ్రోచర్ మీద 11 ఎకరాల లేఅవుట్, ఎల్‌పీ నంబరు, రెరా నంబరు. నంబరు దొంగది కాదు. రెరా వెబ్‌సైట్‌లో కొడితే ప్రాజెక్టు వచ్చింది, కంపెనీ పేరు వచ్చింది, పచ్చ రంగులో 'ఆమోదించబడింది' అని వచ్చింది.

అబద్ధం నంబరులో లేదు, విస్తీర్ణంలో ఉంది. లోన్ కోసం వెళ్తే బ్యాంకు ప్యానెల్ లాయరు ఆమోదించిన ప్లాను తెప్పించి చూసి అడిగాడు: 'మీ ప్లాటు 131 కదా, ఈ ప్లానులో 118 దగ్గరే అయిపోయింది?' ఆమోదం పొందింది 8 ఎకరాల 30 గుంటలు. బ్రోచర్‌లో ఉన్నది 11 ఎకరాలు. తేడా 2 ఎకరాల 10 గుంటలు. రెండు ముక్కలనూ ఒకే మ్యాపులో, ఒకే రంగులో, ఒకే కమాను వెనక చూపించారు. కమాను, తారు రోడ్డు, వీధి దీపాలు అన్నీ ఆమోదం ఉన్న ముక్కలోనివే. ఆ రోడ్డు మీద నడిపించి, చివర మలుపు తిప్పి, 'ఇదిగో సార్ మీ ప్లాటు' అని చూపిస్తారు. నిలబడ్డ చోట రాళ్లు పాతి ఉన్నాయి. చట్టం ప్రకారం అక్కడ లేఅవుట్ లేదు.

ఆ 2 ఎకరాల 10 గుంటలు ఏమిటో తెలుసుకోవడానికి ఆ ఊరికి వెళ్లాం. మండల ఆఫీసులో పాత పహాణీ నకళ్లు అడిగితే వారం తిప్పారు. అసలు సంగతి ఊళ్లోని దళితవాడలో అరగంటలో తెలిసింది. ఎల్లమ్మ గుడి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన మా చేతిలో బ్రోచర్ చూసి, 'గది మా నాయినకిచ్చిన లావణి పట్టా భూమి బిడ్డా. మీరు గూడ కొన్నరా?' అన్నాడు. ఇంట్లోంచి రేకు డబ్బా తెప్పించాడు. అందులో 1976 నాటి అసైన్‌మెంట్ సర్టిఫికెట్. మడతల దగ్గర చిరిగిపోయింది, కానీ తహసీల్దారు ముద్ర కనిపిస్తోంది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి. తెలంగాణలో 'లావణి పట్టా' అన్న మాట ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం. నిజాం కాలపు భూమి రెవెన్యూ చట్టం, 1950 లావణి నిబంధనల కింద మార్కెట్ ధర తీసుకుని ఇచ్చిన పాత పట్టాలు కొన్ని ఉన్నాయి, వాటిని అమ్ముకోవచ్చు. 1958 జులై 25న వచ్చిన జీవో 1406 తర్వాత భూమిలేని పేదలకు ఇచ్చిన భూములకు మాత్రం అమ్మకూడదనే షరతు ఉంది. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం దాన్ని గట్టి చేసింది. అమ్మినా, కొన్నా, లీజుకిచ్చినా, దానం రాసినా ఆ బదిలీ చెల్లదు. రిజిస్ట్రేషన్ చేయకూడదు. కొన్నవాడి మీదే కేసు పెట్టవచ్చు. కంపెనీ లాయరు మా నోటీసుకు ఇచ్చిన జవాబులో 'ఇది 1958కి ముందు లావణి పట్టా, కాబట్టి అమ్ముకోదగినది' అని రాశాడు. అంటే వాళ్లకు ఆ భూమి లావణి అని ముందే తెలుసు. తెలిసే అగ్రిమెంట్‌లో 'పట్టా భూమి, ఎలాంటి చిక్కులు లేనిది' అని రాశారు. రేకు డబ్బాలోని కాగితం మీద తేదీ 1976.

మేం వెనక్కి తగ్గుతున్నామని చెప్పగానే మొదటి జవాబు నవ్వు. రెండోది 'వేరే ప్లాటుకు అడ్జస్ట్ చేస్తాం, గజానికి వెయ్యి ఎక్కువవుతుంది'. మూడోది 'క్యాన్సిలేషన్ కింద 20 శాతం కట్, మిగతాది మీ ప్లాటు ఇంకొకరు కొన్నాక'. ఈ మూడో మాటను ప్రతి కంపెనీ ఆఫీసులోనూ చట్టంలా చెబుతారు. చట్టం అది కాదు.

ప్రకటననో బ్రోచర్‌నో నమ్మి డబ్బు కట్టినవాడు, అందులోని తప్పుడు సమాచారం వల్ల నష్టపోయి ప్రాజెక్టు నుంచి తప్పుకోవాలనుకుంటే, కట్టిన మొత్తం వడ్డీతో సహా, నష్టపరిహారంతో సహా తిరిగివ్వాలని రెరా చట్టం సెక్షన్ 12 చెబుతుంది. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని సెక్షన్ 13. మా 21 లక్షల్లో 10 శాతం అంటే 2 లక్షల 10 వేలు, తీసుకున్నది 4 లక్షల 25 వేలు. 500 చదరపు మీటర్లు దాటిన ఏ లేఅవుట్ అయినా రిజిస్టర్ చేయకుండా ప్రకటించడమే నేరం, ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా. రెరా సంగతి పక్కన పెట్టినా, 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఉంది. మోసంతోనో తప్పుడు చిత్రణతోనో రాబట్టిన ఒప్పందాన్ని మోసపోయినవాడు రద్దు చేసుకోవచ్చు. ఒప్పందమే చెల్లనిదని తేలితే పుచ్చుకున్నది తిరిగివ్వాలని అదే చట్టం సెక్షన్ 65. అడ్వాన్సు జప్తు చేసుకోవడం గురించి 2015లో కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: అసలు నష్టమే జరగనప్పుడు జప్తు కుదరదని. ఒప్పందాన్ని తన మోసంతో చెడగొట్టినవాడే 20 శాతం కోసుకుంటానంటే ఏ సెక్షన్ కిందా నిలవదు.

కంపెనీ వాదన ఇంకొకటుంది, అది వినడానికి బాగుంటుంది. 'మీరు చదువుకున్నవాళ్లు, పరిశోధకులు, చూసుకోవాల్సిన బాధ్యత మీకు లేదా?' మనవాళ్లలో సగం మంది ఈ ప్రశ్న దగ్గరే తల దించుకుని వచ్చేస్తారు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19లో ఇలాంటి మినహాయింపు ఒకటి నిజంగానే ఉంది: మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుంటే ఒప్పందం రద్దు కాదని. కానీ అది తెలియక చెప్పిన తప్పుకూ, మౌనంగా దాచిన విషయానికీ వర్తించే మినహాయింపు. తెలిసి తెలిసి నోటితో చెప్పి, కాగితం మీద రాసి, రంగుల్లో అచ్చేసిన అబద్ధానికి అది రక్షణ ఇవ్వదు. సెక్షన్ 12లోనైతే అలాంటి షరతే లేదు.

కోర్టు ఖర్చుల గురించి భయపడేవాళ్లకు ఒక మాట. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆదాయ పరిమితి లేదు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది. వినియోగదారుల కమిషన్‌లో చెల్లించిన మొత్తం 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. ప్లాట్లు అభివృద్ధి చేసి అమ్మడం కూడా వినియోగదారుల చట్టం కింద 'సేవే' అని 2012లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, అదీ హైదరాబాద్‌కు చెందిన కంపెనీ కేసులోనే. రెరా ఉంది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు పోకూడదనే వాదన కూడా 2020లో కొట్టుకుపోయింది.

మేం రెరాలో ఫిర్యాదు వేశాక, మొదటి వాయిదాకు ముందే కంపెనీ రాజీకి పిలిచింది. రెండు చెక్కులు, చెరి 2 లక్షలు. టోకెన్ 25,000 మాఫీ చేసుకోమన్నారు. అక్కడిదాకా ఊహించిందే. చెక్కులతో పాటు సంతకం చేయమని ఒక కాగితం పెట్టారు. 'వ్యక్తిగత కారణాల వల్ల మేము స్వచ్ఛందంగా బుకింగ్ రద్దు చేసుకుంటున్నాము. ఈ ప్రాజెక్టుపై ఇకముందు ఏ కార్యాలయంలోనూ ఫిర్యాదు చేయము.'

మొత్తం వ్యవహారంలో అసలు మోసం ఈ రెండు వాక్యాల్లో ఉందని మా అభిప్రాయం. ఇంతకుముందు తప్పుకున్న కొనుగోలుదారుల్లో మాకు తెలిసిన ముగ్గురూ ఇదే కాగితం మీద సంతకం పెట్టి డబ్బు తెచ్చుకున్నారు. ఒకరికి 'వ్యక్తిగత కారణం' అమ్మాయి పెళ్లి, ఇంకొకరికి అనారోగ్యం. నిజానికి అందరి కారణం ఒకటే సర్వే నంబరు. కాగితం మీద మాత్రం ఆ సర్వే నంబరు మచ్చలేకుండా మిగిలిపోతుంది, నాలుగోవాడికి అమ్మడానికి సిద్ధంగా. తప్పుకునేవాడి చేతనే తప్పుడు సాక్ష్యం రాయించుకుని, ఆ సాక్ష్యంతో తర్వాతివాడిని మోసం చేసే ఏర్పాటు ఇది. మేం ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, 'ఆమోదిత ప్లానులో లేని ప్లాటును ఉన్నట్టు చూపినందున' అని రాసిస్తేనే సంతకం అన్నాం. ఆ ఒక్క పంక్తికి ఐదు నెలలు పట్టింది. ఆఖరికి రాశారు. మొదటి చెక్కు పాసైంది, రెండోది తిరిగొచ్చింది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసివ్వాలి, అందుకున్నవాడికి 15 రోజులు గడువు. పదమూడో రోజు డబ్బు ఖాతాలో పడింది. వడ్డీ రాలేదు, టోకెన్ రాలేదు. ఏజెంట్ అన్న మాతో మాట్లాడటం మానేశాడు.

మా 4 లక్షలు మాకు వచ్చాయి. ఇప్పుడు అవతలి చివర చూద్దాం.

ఆ పెద్దాయన తండ్రి నుంచి భూమి ఎలా పోయింది? 1998లో బోరు వేసి నీళ్లు పడక అప్పు చేశాడు. అప్పిచ్చిన దొరే 18,000 లెక్క చూపి తెల్లకాగితం మీద సాదా బైనామా రాయించుకున్నాడు. తర్వాత ఆ దొర కొడుకు కంపెనీకి 'డెవలప్‌మెంట్' కింద అప్పగించాడు. కుటుంబం ఇప్పుడు ఆ వెంచర్‌లోనే చెట్లకు నీళ్లు పోసే కూలి. దీన్ని ఒక ఊరి కథగా చదవొద్దు. ఉమ్మడి రాష్ట్రంలో కోనేరు రంగారావు కమిటీ 2006లో 104 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. పేదలకు కాగితం మీద ఇచ్చిన భూమి చేతిలో నిలవకపోవడం, అన్యాక్రాంతమైన భూమిని అసలు హక్కుదారులకు తిరిగి అప్పగించాల్సిన అవసరం అందులో ప్రధానమైన విషయాలు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ అన్యాక్రాంతమైన భూమి గజాల లెక్కన అమ్ముడవుతోంది. ఎకరం చొప్పున పోగొట్టుకున్నది మనం, గజం చొప్పున కొంటున్నదీ మనమే.

అలాంటప్పుడు కలెక్టరుకు ఫిర్యాదు చేస్తే సరిపోదా అని మిత్రులు అడిగారు. మేమూ పెద్దాయనను అదే అడిగాం. ఆయన చేతులు జోడించి వద్దన్నాడు. 'గవర్నమెంటుకు ఎరుకైతే గవర్నమెంటే గుంజుకుంటది. గిప్పుడు కూలన్నా దొర్కుతుంది.' ఇది అమాయకత్వం కాదు, చట్టాన్ని సరిగ్గా చదివినవాడి మాట. 1977 చట్టం సెక్షన్ 4 ప్రకారం అన్యాక్రాంతమైన భూమిని స్వాధీనం చేసుకుని అసలు అసైనీకి, లేదా వారసులకు తిరిగివ్వాలి. 2007లో వచ్చిన సవరణ, ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఆ భూమిని ప్రజా ప్రయోజనానికి వాడుకునే దారి తెరిచింది. నగరం చుట్టూ భూమి విలువ పెరిగినకొద్దీ 'ప్రజా ప్రయోజనం' ఆకలి కూడా పెరుగుతుంది. అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. కానీ సాదా బైనామా రాసిచ్చి చేతులు దులుపుకున్నవాడిగా రికార్డులో ఉన్న కుటుంబం ఆ పరిహారం అడగడానికి గడప దాకా కూడా పోలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఇంకో దారి తొక్కారు. అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన భూములను అమ్ముకునే హక్కు ఇచ్చారు. దళితుడికి తన భూమి మీద పూర్తి హక్కు ఎందుకు ఉండకూడదు అనే ప్రశ్న న్యాయమైనదే, మేం దాన్ని కొట్టిపారేయం. కానీ హక్కు వచ్చే నాటికి భూమి ఎవరి గుప్పిట్లో ఉందో చూడకుండా ఇచ్చే హక్కు, ముందే తెల్లకాగితాలు పోగేసుకున్నవాడికి రాసిచ్చినట్టే అవుతుంది. 2024లో అక్కడ ప్రభుత్వం మారాక ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. విచారణ కొన్నవాళ్ల మీద ఆగుతుందా, పోగొట్టుకున్నవాళ్ల దాకా వస్తుందా అనేది చూడాలి.

తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడే, ధరణి స్థానంలో భూభారతి పోర్టల్ ప్రారంభించారు. 2024 జులైలో హైడ్రా వచ్చింది. చెరువు ఎఫ్‌టీఎల్‌లో కట్టిన ఇల్లు కూలుతుంటే రిజిస్ట్రేషన్ కాగితం పట్టుకుని ఏడ్చే తల్లుల్ని అందరం టీవీలో చూశాం. బుల్డోజర్ కొన్నవాడి దగ్గరికి వచ్చినంత వేగంగా అమ్మినవాడి ఖాతా దగ్గరికి పోలేదు. రెరా విధించిన మొత్తాన్ని సెక్షన్ 40 కింద భూమి శిస్తు బకాయిలా వసూలు చేయవచ్చు. ఆ వసూలు చేయాల్సింది మళ్లీ రెవెన్యూ యంత్రాంగమే. పాత పహాణీ నకలుకు మమ్మల్ని వారం తిప్పిన యంత్రాంగం.

నిజానికి చేయగలిగింది చాలా చిన్నది. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఏ కింద నిషేధిత భూముల జాబితా ఉంది. రెరాలో ప్రాజెక్టు రిజిస్టర్ చేసేటప్పుడు ఆ లేఅవుట్‌ను ఆనుకుని ఉన్న సర్వే నంబర్లను కూడా ఆ జాబితాతో పోల్చి, మ్యాపు మీద ఎర్ర రంగులో చూపించమని కంపెనీని ఆదేశిస్తే చాలు. 118కీ 131కీ మధ్య ఉన్న గీత కొనేవాడి కంటికి కనిపిస్తుంది. అసైనీ వారసుల పేర్లు కూడా అక్కడే ఉంటే ఇంకా మంచిది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో దళితుడికి కేటాయించిన భూమిని అక్రమంగా ఆక్రమించడం, అతన్ని దాని నుంచి వెళ్లగొట్టడం నేరాలుగా ఉన్నాయి. వెంచర్ల మీద ఆ సెక్షన్లు పెట్టాలంటే మొదట ఆ పేర్లు కనిపించాలి.

పెద్దాయన మనవరాలు ఇంటర్ చదువుతోంది. మా రాజీ కాగితంలో కంపెనీ తన చేత్తో రాసిన ఆ ఒక్క పంక్తి నకలు ఆమెకిచ్చాం. దాన్ని జతచేసి, భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకోమని కాకుండా, సెక్షన్ 4 కింద వారసులకు అప్పగించమని తహసీల్దారుకు కుటుంబం తరఫున ఆమే అర్జీ రాసింది. రసీదు ఇచ్చారు. ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా, ఉంటే ఎప్పటి నుంచి, లేకపోతే ఎవరు తీయించారు అని సమాచార హక్కు కింద ఇంకో దరఖాస్తు వేసింది. దాని 30 రోజుల గడువు ఈ నెలాఖరుకు పూర్తవుతుంది. 131 నంబరు ప్లాటు మళ్లీ బుక్కయిందని ఏజెంట్ల గ్రూపులో మొన్న మెసేజ్ వచ్చింది.